దించిన తీగలు

మా ఆయనకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. బుద్ధిగా దుకాణం చూసుకోవాల్సిన మనిషి గిటారు పిచ్చిలో పడి, తీగలు మీటడానికి కుడిచేతి గోళ్ళు పెంచారు. అద్దాల అంచులు అరగదీసే ఆకురాయితోనే ఆ గోళ్ళనూ నున్నగా దిద్దుకుంటారు. చూసినవాళ్ళు ఏమనుకుంటారోనని నాకే సిగ్గు.

ఇదంతా ఒక పాటగత్తె చలవ. తన పాటలు తానే కట్టుకుని, గిటారు మీటుకుంటూ పాడుతుంది. ఆవిడ బొటనవేలు లావు తీగల మీద తాపీగా నడుస్తుంటే, తక్కిన వేళ్ళు సన్న తీగల మీద వరస పలికిస్తాయి. ఇద్దరు వాయిస్తున్నారేమో అనిపిస్తుంది. అబద్ధమెందుకు, నాకూ ఆవిడంటే ప్రాణం. దండెం మీద తడిసిపోతున్న బట్టల మీద ఆవిడ కట్టిన పాటను ఇంటెడు పనీ చేసుకుంటూ పాడేదాన్ని.

అది నా గొంతుకు ఆపరేషన్ కాకముందు మాట. తర్వాత గొంతు బొంగురుపోయి కిందికి దిగిపోయింది. పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లెత్తే ఉద్యోగం నాది. అవతలివాళ్ళు "సార్, డాక్టరుగారున్నారా?" అంటారు. ఉన్నారని సార్‌లాగే చెబుతాను. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, పాట పోవడం నవ్వులాట కాదు. ఒకసారి ఎత్తుకోబోతే పల్లవి రెండో మాటకే గొంతు చీలింది. మళ్ళీ నోరు విప్పలేదు.

ఆయన మాత్రం మానలేదు. ఆ పాటనే ఫోనులో వేగం తగ్గించి వింటూ, ఒక్కో వేలికీ నేర్పుకున్నారు. ఉడుంపట్టు మనిషి! మొన్న ఆదివారం పాటంతా తప్పు లేకుండా వచ్చింది. ఆ ఉత్సాహంలో, ఆవిడ పెద్దవయసులో అదే పాట మళ్ళీ పాడిన రికార్డు పెట్టి, దాంతో పాటు వాయించబోయారు. ఒక్క స్వరం కలిస్తే ఒట్టు!

"గిటారు పాడైనట్టుందే. రిపేరుకివ్వాలి," అన్నారు బిక్కమొహం వేసుకుని.

"మీ మొహం! గిటారుకేం రోగం? ఆవిడే తీగలన్నీ సమంగా దించేసింది. వేళ్ళ నడక అదే, వరసా అదే. వినబడటం లేదూ?"

"ఎందుకు దించడం? బంగారంలాంటి పాటని!"

"ఎందుకేమిటి? వయసుతో గొంతు దిగింది. గొంతు పైకి వెళ్ళకపోతే పాటనే కిందికి..."

ఆయన నావైపు చూశారు. నేను కిటికీవైపు చూశాను.

ఆయన తీగలు బిగించే బిరడా మీద చెయ్యి వేశారు. "ఎంత దించమంటావు?"

"నాకేం తెలుసు?"

"నీకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? హాయిగా పలికేచోట ఊఁ అను, చాలు."

భయమేసింది. ఇక్కడా చీలిందంటే ఇంక ఆశ పెట్టుకోవడానికేమీ మిగలదు. అయినా ఊఁ అన్నాను. లావు తీగను ఆ శ్రుతిదాకా దించి, మిగతావి దానికి కలిపారు. వదులైన తీగలు కాస్త జీరగా మోగాయి.

ఎత్తుకున్నాను. పల్లవి రెండో మాట వచ్చింది, దాటింది. బొంగురుగానే ఉంది, అయితేనేం, పాట పాటలాగే ఉంది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మొదటి చరణం చివరికొచ్చేసరికి గిటారు ఆగిపోయింది. చూస్తే, ఆయన కళ్ళు తుడుచుకుంటున్నారు.

"ఏడుపు తర్వాత. ఇంకో చరణముంది, వాయించండి," అన్నాను.