మీ ఇష్టం

"అమ్మని అడిగాకే అంటున్నాను," అన్నాడు భర్త మూడోసారి. "మీ ఇష్టం అంది. ఇంకేం కావాలి?"

"అత్తయ్య అలా అన్నారంటే వద్దన్నట్టు. ఇన్నేళ్ల కొడుకువి, ఆ మాత్రం తెలీదా?"

కిటికీ పక్కనున్న తల్లి మంచాన్ని వెనక గదిలోకి జరిపి, ఆ కిటికీ దగ్గర కూతురికి చదువుబల్ల వేయాలని అతని పట్టు. అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తన సంగతి కానట్టు కూర్చుంది.

"నా మంచానికేం, దానికీ కాళ్లున్నాయి. నడవమంటే నడుస్తుంది," అందావిడ.

"చూశావా, ఒప్పుకుంది."

కోడలి చేతిలో గిన్నె ఆగిపోయింది. నిన్న సభాధ్యక్షుడు అన్నదీ అదే మాట.

ఆమె జాతుల సమాఖ్య సభలో దుబాసీ. అద్దాల గదిలో కూర్చుని, ఎగువ నది జనం మాటను మిగతా జాతుల చెవిన వేయడం ఆమె పని. ఏ జాతినీ దాని ఒప్పుదల లేకుండా దాని నేల నుంచి కదపకూడదన్నది సమాఖ్య రాసుకున్న మొదటి నియమం. సమాఖ్య తలపెట్టిన ఆనకట్ట కడితే తమ ఊళ్లు మునుగుతాయని విన్న ఎగువ పెద్దాయన "మీ ఇష్టం" అన్నాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ గొంతులోని విరుపును మాత్రం మాటల్లో పెట్టలేకపోయింది. అధ్యక్షుడు "ఒప్పుకున్నారు" అని బల్ల చరిచాడు. పెద్దాయన బిత్తరపోయి అద్దాల గది వైపు చూశాడు.

అది ఒప్పుదలేనా అని రేపు సభలో ఆమెనే అడుగుతారు. "ఒక్క ముక్క, ఔనని చెప్పు చాలమ్మా," అన్నాడు పై అధికారి ఇందాక ఆఫీసులో, నవ్వుతూనే. "సమాఖ్య ఇచ్చిన క్వార్టర్స్‌లో ఉంటున్నావు కదా."

భోజనాల దగ్గర ఆమె నెమ్మదిగా అడిగింది. "అత్తయ్యా, నిజం చెప్పండి. ఆ మంచం జరపడం మీకిష్టమేనా?"

"కిటికీలోంచి మనుషులు కనబడతారమ్మా. వెనక గదిలో గోడ కనబడుతుంది."

"మరి మీ ఇష్టం అన్నారేం?"

"వాడు టేపు పట్టుకుని కొలతలు తీస్తూ అడిగాడు. ఇంకేమనను?"

భర్త కంచంలోకి చూస్తూ అన్నం కెలికాడు. "బల్ల నేనడగలేదు నాన్నా," అంది కూతురు.

ఎగువన యంత్రాలు దిగింది కూడా సభలో అడగకముందే. ఆమె నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

"రేపు సభలో అది ఒప్పుదల కాదని చెబుతాను," అంది, అందరికీ వినబడేలా. "ఆనకట్ట ఆగదేమో. ఈ ఇల్లు మాత్రం పోతుంది. రేపటినుంచి సామాను సర్దుకుందాం. అంతదాకా మంచం అక్కడే ఉంటుంది."