వ్రాసిదాస్ ముక్కు

మా ద్వీపం రేవులో వ్రాసిదాస్ చేపలు కొనే తీరు చూడటానికే కొందరు పొద్దున్నే వచ్చి కాఫీ తాగుతూ కూర్చునేవారు. పడవ గట్టుకి తగలగానే ఆయన తన హోటల్ మెట్లు దిగి నీళ్ళ అంచుదాకా వెళ్ళేవాడు. బుట్టలోంచి ఒక చేప ఎత్తి, బొటనవేలితో మొప్ప తెరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. బాగుంటే, "సముద్రం ఇంకా దీని నోట్లోనే ఉంది" అనేవాడు. బాగోకపోతే ఆ చేపను నీళ్ళలోకి విసిరేసేవాడు. పట్టుకొచ్చినవాడు ఎదురుగా నిలబడి ఉండగానే.

కిరియాజీస్ అనే జాలరి ఒకసారి గాలివానలో రెండు రోజులు చిక్కుకుని ప్రాణాలతో బయటపడి వచ్చాడు. వ్రాసిదాస్ వాడి బుట్టలో చేపలు ఒక్కొక్కటే వాసన చూసి తొమ్మిదింటినీ నీళ్ళపాలు చేశాడు.

"కిరియాజీస్, వీటిని పట్టుకొచ్చావా, వీటి శవయాత్రకొచ్చావా?" అన్నాడు. కాఫీ తాగేవాళ్ళంతా పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ హోటల్లో ఇరవై రెండేళ్ళుగా బల్లలకి వడ్డించే పని నాది. ఆయన నవ్వించినప్పుడు నవ్వడం కూడా నా పనిలో భాగమే.

ఆయన కోడలు జంబేత సముద్రం కనపడని కొండ ఊరి పిల్ల. పెళ్ళయిన మర్నాడు బంధువులందరికీ చేపల పులుసు కాచింది. వ్రాసిదాస్ గరిటె ముక్కు దగ్గర పెట్టుకుని, కుండ ఎత్తుకెళ్ళి రేవులో వంపేసి వచ్చాడు. "మేకలు కాసుకునేవాళ్ళకి చేప సంగతి ఏం తెలుస్తుందిలే, రొట్టె తినండి" అన్నాడు చుట్టాలతో. ఆమె మొగుడు అనెస్తీస్ రొట్టె తుంచి తండ్రి వైపు జరిపాడు. జంబేత ఏడవలేదు. కుండ కడిగి బోర్లించింది. తర్వాత పదకొండేళ్ళు ఆ వంటగదిలోనే ఉండి, మా ద్వీపంలో ఎవరికీ రానంత బాగా చేప వండటం నేర్చుకుంది. వ్రాసిదాస్ మాత్రం వచ్చినవాళ్ళకి ఆమెను "మా మేకలమ్మాయి" అనే చూపించేవాడు.

ఒక ఏడాది ఫిబ్రవరిలో ఆయనకి పెద్ద జ్వరం వచ్చింది. మూడు వారాలకి లేచి తిరిగాడు. లేచిన రెండో రోజే నన్ను సామాన్ల గదిలోకి పిలిచి తలుపు వేశాడు. చేతిలో సగానికి కోసిన ఉల్లిపాయ ఉంది.

"ఒరేయ్ ఫనూరీ, దీని వాసన చూడు."

"ఉల్లిపాయ బాబాయ్."

"ఘాటుందా?"

"కళ్ళు మండుతున్నాయి."

"నాకూ మండుతున్నాయిరా. అంతే. ఇంకేం లేదు." ఉల్లిపాయను కిందపెట్టి బస్తా మీద కూలబడ్డాడు. అంత పెద్ద మనిషి చేతులు వణకడం అప్పుడే చూశాను. "ఈ ముక్క బయటికి పొక్కిందో, కాఫీ తాగే ఆ కుక్కలన్నీ నన్ను పీక్కుతింటాయి."

ఆ రోజు నుంచి నేనే ఆయన ముక్కునయ్యాను. పడవ రాగానే ఆయనకంటే ముందు దిగి, బుట్టలు సర్దుతున్నట్టు వంగి, ఒక్కో బుట్టా వాసన చూసి, వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడేవాణ్ణి. తువ్వాలు కుడి భుజం మీద ఉంటే చేప మంచిది. ఎడమ భుజం మీద ఉంటే చెడ్డది. ఆయన ఎప్పటిలాగే మొప్ప తెరిచి, కళ్ళు మూసి, తెరిచినప్పుడు నా భుజం చూసేవాడు. ఐదు నెలలపాటు ఒక్కరికీ అనుమానం రాలేదు. ఆ ఐదు నెలల్లో నా తువ్వాలు చూసి ఆయన నీళ్ళలోకి విసిరిన చేపలు తక్కువేమీ కాదు.

అంతగా నా మీద ఆధారపడ్డవాడు నాతో కాస్త మంచిగా ఉంటాడనుకున్నాను. ఉండలేదు. ఒకరి మీద ఆధారపడటం ఆయనకి ఒంట్లో ముల్లు దిగినట్టుండేది. రోజురోజుకీ నా మీద మరింత విరుచుకుపడేవాడు. జూలైలో ఒక మధ్యాహ్నం, నీళ్ళ పక్క పెద్ద బల్ల దగ్గర నా చేతిలోంచి పళ్ళెం జారి వేయించిన చిన్న చేపలన్నీ నేలపాలయ్యాయి. వ్రాసిదాస్ కుర్చీలోంచి కదలకుండా, హోటలంతా వినేలా అన్నాడు:

"వీడి పెళ్ళాం ఓడ ఇంజనీరుతో లేచిపోయిందని జాలిపడతారు గానీ, ఆవిడ తప్పేముందండీ? వీడి చేతిలో ఏదీ నిలవదు!"

పదహారు మంది కూర్చున్న బల్ల. పదహారు మందీ నవ్వారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని చేపలు ఏరుకున్నాను.

వంటగది వెనక చేతులు కడుక్కుంటుంటే జంబేత వచ్చింది. ఆక్టోపస్‌లు ఆరేసిన తాడుని పక్కకి జరిపి నా ముందు నిలబడింది.

"అన్నా, ఆయనకి వాసన పోయింది కదూ?"

నేను చేతులు కడుక్కుంటూనే ఉన్నాను.

"మొన్న నూనె మాడి మేమంతా దగ్గుతూ బయటికి పరిగెత్తాం. ఆయన పొయ్యి పక్కనే కూర్చుని బీన్స్ ఒలుస్తున్నాడు. చేప కొనేటప్పుడు నిన్ను చూస్తాడు. ఎందుకు చూస్తాడో అదొక్కటే నాకు అర్థం కావట్లేదు."

చెప్పకుండా ఉండిపోవచ్చు, కానీ ఆ నవ్వు ఇంకా చెవుల్లో గింగురుమంటోంది. తువ్వాలు సంగతి, ఉల్లిపాయ సంగతి, చేతులు వణికిన సంగతి, అన్నీ చెప్పేశాను. జంబేత ముఖంలో సంతోషమేమీ కనపడలేదు. తేలని లెక్క తేలినట్టు తల మాత్రం ఊపింది.

"పండుగ రోజు నేను చెప్పిన భుజం మీద వేసుకుంటావా?"

"వేసుకుంటాను" అన్నాను.

జూలై చివర్లో పునీత పాంటెలేమోన్ పండుగ. ఆ రోజు చర్చి నుంచి అందరూ నేరుగా మా హోటల్‌కే వస్తారు. నీళ్ళ అంచున జాలర్లందరికీ ఒకే పొడుగాటి బల్ల వేస్తాం. మొదటి చేపను వ్రాసిదాస్ కోసి, మొదటి ముద్ద తానే తిని, ఆ సముద్రం మాట చెప్పాకే మిగతావాళ్ళు చెయ్యి పెట్టాలి. అది ఆయన పెట్టిన ఆచారమే.

జంబేత ఒక పెద్ద గులాబీ రంగు ఫగ్రీ చేపను రెండు రోజుల ముందే ఐసులోంచి తీసి, తడి గోనె చుట్టి వెనక పెరట్లో ఎండలో పెట్టింది. పండుగ రోజు దాన్ని తీసుకెళ్ళి బొగ్గుల పొయ్యి దగ్గరున్న మొగుడి చేతికిచ్చింది. అనెస్తీస్ దాన్ని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. వాసన తెలియకపోవడానికి వాడి ముక్కుకేం రోగం రాలేదు. నూనె రాసి, ఉప్పు చల్లి, పొయ్యి మీద పెట్టి విసరడం మొదలుపెట్టాడు. పొగ తన వైపు తిరిగినప్పుడల్లా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

పళ్ళెం నేనే మోసుకెళ్ళాను. మెట్లు దిగినంతసేపూ ఊపిరి బిగబట్టాను. బల్ల దగ్గరికి రాగానే చివర కూర్చున్నవాళ్ళు మాటలాపారు. ఒకడు చెయ్యి ముక్కు మీద పెట్టుకోబోయాడు. వ్రాసిదాస్ వెనక నిలబడ్డ జంబేత వాణ్ణి చూసి వేలు పెదాలకి ఆనించింది. వాడు చెయ్యి దించాడు. చేప వాసన కన్నా వేగంగా ఆ వేలు సంగతి బల్లంతా పాకిపోయింది. కిరియాజీస్ ముందుకి వంగి, గడ్డం కింద రెండు పిడికిళ్ళూ పెట్టుకున్నాడు.

నేను వెళ్ళి వ్రాసిదాస్ ఎదురుగా నిలబడ్డాను. తువ్వాలు కుడి భుజం మీద ఉంది.

ఆయన చేప వీపు చీల్చి, మెత్తటి ముక్క తీసి, నిమ్మకాయ పిండి నోట్లో పెట్టుకున్నాడు. రెండుసార్లు నమిలి ఆగాడు. కండ పిండిలా ఉండి ఉంటుంది. నాలుకకి రుచి తెలియకపోయినా పళ్ళకి ఆ సంగతి తెలుస్తుంది. తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపులో ప్రశ్న ఉంది. నిజంగా అడిగాడు. నేను ఒక్క వేలు కదిపితే చాలు, ఉమ్మేసి, ఏదో ఒక తిట్టు తిట్టి గట్టెక్కేవాడు. నేను కుడి భుజం మీది తువ్వాలు సరిచేసుకున్నాను.

వ్రాసిదాస్ మింగాడు. గొంతు సవరించుకుని, వెనకటిలాగే పెద్దగా అన్నాడు:

"సముద్రం ఇంకా దీని నోట్లోనే ఉంది!"

ముందు కిరియాజీస్ నవ్వాడు. తర్వాత బల్లంతా. తర్వాత పక్క బల్లలు. ఆడవాళ్ళు తలగుడ్డల అంచులు ముక్కులకి అడ్డంపెట్టుకుని నవ్వారు. ఒకాయన నవ్వు ఆపుకోలేక బల్ల చరిచాడు.

"వ్రాసిదాస్! ఇది శవయాత్ర కాదయ్యా, శవాన్నే మింగేశావు!" అని అరిచాడు కిరియాజీస్.

జంబేత ముందుకి వచ్చి, పళ్ళెం ఆయనకి ఇంకాస్త దగ్గరికి జరిపింది. "రెండు రోజులు ఎండలో పెట్టాను మామయ్యా. రుచి కుదిరిందా? మేకలు కాసుకునేవాళ్ళం, మాకు తెలియదు కదా."

ఆయన ముఖం తెల్లబడింది. మెల్లగా తల తిప్పి నన్ను చూశాడు. ఇప్పుడు నా పేరు చెబుతాడనుకున్నాను. ఐదు నెలలుగా మీ చేపలు పారేసింది వీడి ముక్కేనని ఒక్క మాటంటే, ఆ జాలర్లు నన్ను అక్కడే రేవులో ముంచేసేవాళ్ళు. ఆయన చెప్పలేదు. ఫోర్కు తీసుకుని ఇంకో ముక్క కోసుకున్నాడు.

"నా ఇంట్లో వండిన చేప. నేను తింటా" అన్నాడు.

మూడో ముక్కకి నవ్వు తగ్గింది. ఐదో ముక్కకి ఆగిపోయింది. ఎవరో పెద్దావిడ, "చాల్లే అమ్మా, ఆపించు, చచ్చిపోతాడు" అంది.

"తిననివ్వండి" అంది జంబేత. "ఆయన ఆచారం ఆయనది."

అనెస్తీస్ పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరగలేదు. వ్రాసిదాస్ ముల్లు బయటపడేదాకా తిన్నాడు. చెమటలు కారుతున్నాయి. ఆఖరి ముక్క తిని, మూతి తుడుచుకుని లేచి, నాలుగడుగులు వేసి, అందరూ చూస్తుండగా గట్టు మీద నుంచి నీళ్ళలోకి వాంతి చేసుకుంటూ మోకాళ్ళ మీద పడ్డాడు.

తొమ్మిది రోజులు మంచం దిగలేదు. ఆరో రోజు నేను అన్నం గంజి పట్టుకుని వెళ్ళాను. ఒప్పేసుకుందామనే వెళ్ళాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. గంజి పక్కన పెట్టి, అది చల్లారేదాకా చెంచాతో కలుపుతూ కూర్చున్నాను. ఆయనే కళ్ళు తెరిచాడు.

"ఫనూరీ, ఆ రోజు నీకు జలుబు చేసిందట్రా?"

మా ద్వీపానికి అది మండు వేసవి. ఆ వేసవిలో జలుబు. ఆయన నాకు తప్పించుకునే తలుపు తెరిచి పట్టుకున్నాడనుకున్నాను.

"అవును బాబాయ్" అన్నాను. "ముక్కు దిబ్బడేసింది. ఏమీ తెలియలేదు."

"అలాగే అనుకున్నా" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

లేచాక ఆయన్ను మళ్ళీ ఎవరూ చేపల దగ్గరికి రానివ్వలేదు. పొద్దున్నే మెట్లు దిగేది జంబేతే. ఆమె ముక్కు చురుకైనది. మొదటి వారంలోనే కిరియాజీస్ చేపలు మూడు నీళ్ళలో పడ్డాయి. పక్కన నిలబడి నేను నవ్వాను. వ్రాసిదాస్‌కి తలుపు పక్కన చిన్న బల్ల వేశారు. నేను పళ్ళేలు మోసుకుంటూ పోయే దారి అదే. పోయిన ప్రతిసారీ ఆయన నా చొక్కా అంచు పట్టుకుని ఆపేవాడు. తియ్యగా, కన్నకొడుకుని అడిగినట్టు అడిగేవాడు.

"జలుబు తగ్గిందా ఫనూరీ?"

భోజనానికి వచ్చినవాళ్ళు ముసలాయనకి నా మీద ఎంత ప్రేమో అనుకునేవారు. ఆయన పోయేదాకా నాలుగేళ్ళు, రోజుకి ముప్పైసార్లు, చేతిలో వేడి పళ్ళేలతో నిలబడి నేను అదే జవాబు చెప్పాను.

"తగ్గింది బాబాయ్."

చెప్పేదాకా చొక్కా వదిలేవాడు కాదు.