బుడగ రాని పొట్లం

ముప్పై ఏళ్లు సైకిల్ ట్యూబుల్లోకి గాలి కొట్టిన మనిషి, కొట్టు మూసేశాక ఇంట్లో కూర్చుని గాలి తీయడం మొదలుపెట్టాడు. కూతురు కొనిచ్చిన మిషను అది. పొట్లంలో ఏది పెట్టినా లోపలి గాలంతా పీల్చేసి మూతి అంటించేస్తుంది. పప్పులు, గింజలు, ఆఖరికి భార్య ఊలు ఉండలు కూడా పొట్లాల్లో బిగుసుకుపోయాయి. కొట్టు మూసిన దగ్గర్నుంచి గోడలు చూస్తూ కూర్చున్న మనిషి మళ్లీ ఈల వేస్తున్నాడు, అదే పదివేలనుకుంది ఆవిడ.

చిక్కంతా మాంసం కూరతో వచ్చింది. పోయిన నెల మిగిలిన కూరని పొట్లం కట్టి, ఫ్రిజ్‌లో కాకుండా అలమారలో పెట్టాడు.

“గాలే లేనప్పుడు పాడెలా అవుతుందే? ఇంకొన్నాళ్లు చూసి ఫ్రిజ్ అమ్మేద్దాం,” అన్నాడు.

పారేయమని ఆవిడ పోరింది. సరేనన్నాడు, ఆవిడ నమ్మింది. తీరా కూతురూ అల్లుడూ భోజనానికి వచ్చే రోజున, పొద్దున్నే తీరిగ్గా చెప్పాడు.

“ఈ పూట కూర వండకు. నా కూర ఉందిగా.”

ఆవిడ చేతిలో గరిటె పక్కన పెట్టింది. “పిల్ల కడుపుతో ఉందండీ. వండిన కూర గాలి తీసి ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులు ఉంటుంది, గడ్డకట్టిస్తే నెలల తరబడి ఉంటుంది. బయట పెడితే ఒక్క రోజుకి కూడా నమ్మలేం. గాలి లేని చోటే పెరిగే క్రిములున్నాయట. వాటి విషానికి వాసనా ఉండదు, రుచీ ఉండదు.”

“నీకన్నీ అనుమానాలే,” అంటూ అలమార తీశాడు. పొట్లం దిండులా ఉబ్బి ఉంది.

ఆయన కంగారు పడలేదు సరికదా, ముఖం వెలిగింది. “లీకు. తప్పు కూరది కాదు, అతుకుది.”

మంచం కింద దాచుకున్న కొట్టునాటి బేసిన్ లాగి, నీళ్లు నింపి, చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. పొట్లాన్ని ముంచి అంచంచూ నొక్కి చూశాడు. పెళ్లాం మాట వినడేమో గానీ ఆ బేసిన్ మాట వింటాడని ఆవిడకి తెలుసు.

ఒక్క బుడగా రాలేదు. నీళ్లు మార్చి మళ్లీ ముంచాడు. ఊహూఁ.

“కన్నం లేదు,” అన్నాడు మెల్లగా.

“మరి గాలెక్కడిదండీ?”

పొట్లం తడి తుడిచి పైకెత్తి చూశాడు. “లోపలే ఎవరో కూర్చుని పంపు కొడుతున్నారే.”

అంతలో వీధి తలుపు దగ్గర కూతురి గొంతు. “నాన్నా, ఆకలి దంచేస్తోంది.”

ఆయన గబుక్కున లేచాడు. పొట్లం విప్పకుండానే ఇంకో కవర్లో చుట్టి చెత్తబుట్టలో పడేసి, చేతులూ బేసినూ రుద్ది రుద్ది కడిగాడు. తర్వాత మిషను ఎత్తుకుని అటక వైపు నడిచాడు. అది అటకెక్కితే ఈయన మళ్లీ గోడల పాలే అనుకుంది ఆవిడ.

“అక్కడ పెట్టండి దాన్ని. గాలి తీయడం మీ వంతు, చల్లగా ఉంచడం ఫ్రిజ్ వంతు,” అని పొయ్యి వెలిగించింది.

సాయంత్రం వెళ్లేటప్పుడు కూతురు తాజా కూర కాస్త అడిగింది. ఆయనే ఫ్రిజ్‌లోంచి తీసి, పొట్లం కట్టి అల్లుడి చేతికిచ్చాడు.

“వెళ్లగానే ఫ్రిజ్‌లో పెట్టు బాబూ. నాలుగు రోజుల్లో తినేయండి. ఉబ్బిందా, విప్పకుండా పారేయ్.”

“గాలి లేకపోతే ఏమీ కాదన్నారు కదా మామయ్యా?”

“అది నేనన్న మాట,” అన్నాడాయన. “ఇది మీ అత్తయ్య చెప్పిన మాట. ఇదే విను.”

ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ ఆ ముక్క వినడం అదే మొదలు. వంటింట్లోకి వెళ్లి, ఆయన కట్టిన పొట్లమేదైనా ఇక ఫ్రిజ్ వంతేనని నవ్వుకుంటూ, తన ఊలు ఉండల పొట్లాన్ని కూడా అందులో పెట్టింది.