పేరు మారిన మర్నాడు

మదీనాగూడలోని ఆ అపార్టుమెంటు సెల్లార్‌లో పొద్దున్నే కార్లు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి జరిగి బయటపడటం రోజూ జరిగే తతంగమే. ఆ సోమవారం హన్నా టీచరు కూడా కారెక్కి, రివర్సు గేరు వేసి, ఎదురుగా ఉన్న తెర వంక చూసింది. వెనకా పక్కలా ఏముందో చూపించాల్సిన తెర మీద బొమ్మ లేదు. ‘ఈ సదుపాయం మీ వాహనానికి వర్తించదు’ అన్న ఒక్క వాక్యం ఉంది. కాసేపట్లో అదే వస్తుందిలే అనుకుని నెమ్మదిగా వెనక్కి పోనిచ్చింది.

“అమ్మా! ఆపు, ఆపు!”

వాచ్‌మన్ భార్య ఈరమ్మ కేక అది. బ్రేకు పడేసరికి ఈరమ్మ గోడకి అతుక్కుపోయి ఉంది. ఆమె బకెట్టు చక్రం కింద పచ్చడైంది.

“ఏందమ్మా గిట్ల జేసినవ్? జరైతే నా కాళ్ళు పోతుండె!”

తల తిప్పి చూసుకోవచ్చు కదా అని మనం తేలిగ్గా అనేస్తాం. హన్నా టీచరుకి మెడ తిరగదు. మూడేళ్ళ కిందట స్కూటీ మీంచి పడినప్పుడు డాక్టర్లు మెడ ఎముకలకి ప్లేటు వేసి బిగించారు. అప్పట్నుంచి బాచుపల్లిలోని బడికి ఆటోలోనే ప్రయాణం. గుంత వచ్చినప్పుడల్లా ప్రాణం లేచిపోయేది. చివరికి, నాలుగువైపులా చూపించే కెమెరా ఉందని వెతికి వెతికి ఈ పాత కారు కొనుక్కుంది. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే దినేశ్ అమ్మాడు. రెండు నెలలపాటు ఆవిడ ఎవరి సాయమూ లేకుండా, ఏ నొప్పీ లేకుండా బడికి వెళ్ళి వచ్చింది.

ఆవేళే సెలవు పెట్టి సర్వీసు సెంటరుకి వెళ్ళింది. అక్కడ పనిచేసే కృష్ణప్రియ కంప్యూటరు చూసి చెప్పింది.

“ఏమీ చెడిపోలేదు మేడం. నిన్న మీరు మా యాప్‌లో ఓనరు పేరు మార్చుకున్నారు కదా? ఆ కెమెరా సదుపాయం మొదటి ఓనరుకే. పేరు మారగానే కంపెనీవాళ్ళు కారుని ముట్టుకోకుండా ఆఫీసు నుంచే తీసేస్తారు.”

“కెమెరాలు కారుకే ఉన్నాయి కదమ్మా?”

“ఉన్నాయి మేడం. పనిచెయ్యనివ్వరు, అంతే. కావాలంటే మళ్ళీ కొనుక్కోవాలి.” ఆ పిల్ల అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “పేరు మార్చకుండా ఉండాల్సింది. చాలామంది పాత పేరుతోనే నడిపించేస్తున్నారు.”

పద్ధతిగా నడుచుకున్నందుకు దక్కిన బహుమానం ఇది! హన్నాకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. బయటికొచ్చి దినేశ్‌కి ఫోన్ చేసింది.

“తెలిసే అమ్మావా బాబూ?”

ఆ మాట అతనికి సూటిగా తగిలింది. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా ఆవిడ ఇంటికొచ్చాడు.

“ఒట్టు మేడం, నాకు తెలీదండి. కొత్తలోనే దానికి మొత్తం కట్టేశాను. మీకు కూడా ఆ కెమెరా ఉందనే అంత ధర చెప్పాను. పోనీ, యాప్‌లో మళ్ళీ నా పేరు పెట్టేద్దాం. రేపే పనిచేస్తుంది.”

రేపు మళ్ళీ ఆటో ఎక్కాలన్న తలపుకే హన్నాకి మెడ సలుపుతోంది.

“వద్దు బాబూ. ఇవాళ అబద్ధమాడి నడుపుతాను. వాళ్ళకి తెలిసి మళ్ళీ ఆపేస్తే? అప్పుడు నా కారు వెనక ఎవరుంటారో!”

దినేశ్ తల దించుకున్నాడు.

“మా ఆఫీసులో నేను చేసేదీ ఇలాంటి పనే మేడం. కార్లకి కాదు, వేరే యంత్రాలకి. జాబితాలో పేరు పక్కన టిక్కు తీసేస్తాం. దానివల్ల ఒక మనిషి ఇలా ఇబ్బంది పడుతుందని నాకెప్పుడూ తట్టలేదు.”

ఆ రాత్రే ఇద్దరూ కూర్చుని వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు రాశారు. అమ్మినవాడిగా దినేశ్ తనే ముందు సంతకం పెట్టాడు. మర్నాడు ఒక నకలు సర్వీసు సెంటరు మేనేజరు కృపానందం చేతికిచ్చారు. ఆయన సాంతం చదివి ఇబ్బందిగా నవ్వాడు.

“కంపెనీ నియమం మేడం, మా చేతుల్లో లేదు. మీ కష్టం పైవాళ్ళకి రాస్తాను. కానీ ఇందులో దొంగతనం అని రాశారు. చాలా పెద్ద మాటండి. అదొక్కటీ తీసెయ్యండి.”

క్లాసులో లెక్క వివరించేంత నెమ్మదిగా చెప్పింది హన్నా టీచరు.

“తియ్యనండి. ఒకసారి అమ్మేసిన వస్తువులోంచి కొంత తీసుకుపోతే, గోడ దూకి తీసుకుపోయినా, ఆఫీసులో కూర్చుని తీసుకుపోయినా, దాన్ని దొంగతనమనే అంటారు.”