ఫోటోలో తీగ ముక్క

మళ్ళీ విప్పుతోంది చూడు, పొద్దున గాట్లోబ్ పళ్ళు బిగించి కట్టిన బట్టల తాడుని, పెరట్లో స్టూలెక్కి ఓటిలీ ఆ ముడి విప్పి తన చేత్తో మళ్ళీ వేస్తోంది, వంటింటి కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది, ఎన్నేళ్ళయిందో ఈ వరస మొదలై, గాట్లోబ్ కీన్‌లే వేసిన ముడి ఏదీ ఈ ఇంట్లో గంటసేపు నిలిచింది లేదు, పార్సెల్‌కి దారం చుడితే విప్పేస్తుంది, కూతురి బూటు లేసు కడితే అది గుమ్మం దాటేలోపు విప్పి కట్టేది, ఏమే నా చేతులేమైనా పడిపోయాయా అని ఒకసారి గొంతు పెంచితే, నీ ముడి నిలవదు గాట్లోబ్ అని అంతే అంది, పడవవాడి కూతురు, జర్మనీలో నెకర్ నది మీద తాళ్ళ మధ్య పుట్టి పెరిగింది, ఆ పొగరు ఎక్కడికి పోతుందిలే అని ఊరుకున్నాడు, ఇప్పుడు ఈ శనివారం పూట అల్లుడు కాబోయేవాడు కాఫీకి వస్తే నేరేడుపళ్ళంత నల్లటి ప్లం పళ్ళు పరిచి కేకు చేసింది, గాట్లోబ్ తినడని తెలిసీ ప్రతి సెప్టెంబరులో చేస్తుంది, కోసిన చోట ఎర్రటి రసం పళ్ళెంలోకి కారుతోంది, చూడకూడదు, కాఫీ కప్పులోకి చూడాలి.

నాన్నా ఇదిగో చూడు, నానమ్మ పెట్టెలో దొరికింది, అమ్మో నువ్వు ఇంత అందగాడివా, మరి తర్వాత ఏమైంది నీకు, అని గుడ్రున్ నవ్వుతూ ఫోటో తెచ్చి కేకు పక్కన పెట్టింది, పెళ్ళిలో గోడకి తగిలిస్తుందట, పెద్దది చేయించి మరీ, యుద్ధం నడుస్తున్న నలభై ఒకటి క్రిస్మస్, సెలవు మీద వచ్చిన ఐదుగురు, టెలిఫోను తీగలు వేసే సిగ్నల్ సైనికులు, చొక్కా చేతుల మీద మెరుపు గుర్తులు, పెళ్ళాలు, పెళ్ళి కుదిరిన పిల్లలు, తోటి సైనికుడు తేలే వాళ్ళమ్మ, అందరి చేతుల్లో బీరు, అందరి నోళ్ళూ తెరుచుకుని, మధ్యలో తను, రొమ్ము మీద కొత్త పతకం, ఎత్తిన చేతిలో జానెడు తీగ ముక్క, పక్కన ఒళ్ళో ఏడాది గుడ్రున్‌తో ఓటిలీ, ఆ తీగేంటి నాన్నా అంది కూతురు, ఆ తిరుగుబాటు దొంగముండాకొడుకులు తెంపిన టెలిఫోను తీగ, సెర్బియాలో, నేను తూటాల మధ్య అతికి వచ్చాను అన్నాడు, ఇన్నేళ్ళుగా నలిగి నలిగి నున్నబడ్డ మాట, నాలుక మీద దానంతటదే జారింది.

తూటాలేం లేవు, లైను పోవడానికి ముందురోజు వాన ఉంది, వేళ్ళు కొయ్యల్లా ఉన్నాయి, వంటబండి గంట మోగింది, రెండు తీగలకీ ముందు ముడి వేయాలి, ఆ తర్వాతే మెలి తిప్పాలి, టేపు చుట్టాలి, శిక్షణలో మొదటి వారం చెప్పే పాఠం అదే, ముడి లేని జాయింటు జాయింటే కాదని, కానీ అక్కడ సూపు చల్లారిపోతోంది, ముడి మానేసి మెలి తిప్పి టేపు చుట్టి పరిగెత్తాడు, పొద్దున లైను చచ్చిపోయింది, వెళ్ళి చూస్తే ప్లం తోట గట్టున తీగ జారి రెండుగా పడి ఉంది, టేపు పీకి బూటుతో బురదలోకి తొక్కాడు, ఎవరిదీ తప్పు అంటే తనది, జైలో, రష్యా యుద్ధానికి పంపడమో, నోరు తెరిచి తెంపారు సార్ అన్నాడు, రెండే మాటలు, లెఫ్టినెంట్ ఊరి మగాళ్ళని పట్టి తెమ్మన్నాడు, పదకొండు మంది, లైను మీది, కాల్చడమూ మీదే అన్నాడు, తేలే అక్కడే వాంతి చేసుకున్నాడు, ప్లం పళ్ళు ఎండబెట్టే కొట్టం గోడకి నిలబెట్టారు, వాళ్ళలో ఒకడు రైల్వే తంతి ఉద్యోగి, టోపీ ఇంకా తల మీదే ఉంది, ఆ తీగ కొస చూశాడు, చూసి అరవడం మొదలెట్టాడు, వేళ్ళు రెండూ మెలితిప్పి చూపిస్తూ, కోసినట్టు చేయి ఆడించి కాదు కాదు అని తల ఊపుతూ, భాష తెలియకపోయినా గాట్లోబ్‌కి ప్రతి ముక్కా తెలిసింది, తీగపని వాడి మాట తీగపని వాడికి తెలియదా, మిగతావాళ్ళకి తెలిసేలోపే, ఇంకా ఉత్తర్వు పూర్తి కాకముందే, వాడి నోట్లోకి కాల్చాడు, పళ్ళు పగిలిన చప్పుడు, టోపీ గోడకి అతుక్కుంది, తర్వాత అందరూ కాల్చారు, పద్నాలుగేళ్ళవాడు ఇంకా కదులుతుంటే దగ్గరికెళ్ళి మళ్ళీ కాల్చాల్సి వచ్చింది, ఎర్రటిది పళ్ళ చాపల మీద పారింది, ఈగలు, తియ్యటి వాసన, కేకు ఒక్క ముక్కైనా వేయనా నాన్నా అంటోంది గుడ్రున్, లెఫ్టినెంట్ ఆ తీగ కొసే కత్తిరించి అందరి ముందూ చేతిలో పెట్టాడు, దొంగల గుర్తుగా దాచుకో కీన్‌లే అని, వద్దంటే ఎలా.

మావయ్యా, అన్నాడు కాబోయే అల్లుడు ఏగోన్, ఈ నెలే కీన్‌లే గారూ మాని మావయ్యా అంటున్నాడు, పోస్టు శాఖలో టెలిఫోను లైన్ల పని, ఫోటోని కళ్ళకి ఆనించుకున్నాడు, మావయ్యా ఇది తెంపింది కాదే, కోస్తే కొస చదునుగా ఉంటుంది, ఇది చూడండి పందితోకలా చుట్టుకుంది, జాయింటు జారిందండీ, ముడి వేయకుండా మెలి తిప్పి వదిలేశాడు ఎవడో సోమరిపోతు, మా మేస్త్రీ అయితే వాడి చెవి మెలి తిప్పేవాడు, అని పెద్దగా నవ్వాడు, నవ్వుతున్న ఆ నోరు, తెల్లటి పళ్ళు, అదే నోరు, అదే మాట, కాదు కాదు అంటూ ఊగుతున్న తల, గాట్లోబ్ చెయ్యి కేకు కత్తి మీదికి వెళ్ళింది, ఆ నోట్లో దించితే సరిపోతుంది, ఒక్క పోటు, వాడు ఇంకో మాట అనేలోపు, పిడి బిగించాడు, వేళ్ళు తెల్లబడ్డాయి, నాన్నా ఏమైంది, చెమటలేంటి అంది గుడ్రున్, ఏం లేదు, కేకు కోస్తున్నా అన్నాడు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నవాడిలా ఉన్నాడు, కత్తి మాత్రం వదల్లేదు.

ఫోటో అతని ముందుకే జారింది, చూడక తప్పలేదు, తేలే, తేలే వాళ్ళమ్మ, అందరూ కెమెరా వైపు చూస్తున్నారు, ఒక్క ఓటిలీ తప్ప, ఓటిలీ తీగ కొసని చూస్తోంది, ఆవిడ ఒక్కతే నవ్వడం లేదు, ఇన్నేళ్ళలో ఇది ఎప్పుడూ కళ్ళబడలేదు, అందరిలో తననే చూసుకున్నాడు కాబట్టి, పడవవాడి కూతురు, జారిన కొసకీ కోసిన కొసకీ తేడా పాలు తాగే వయసులోనే తెలిసినది, ఆ ఫోటో తీసిన మూడో రోజు సొరుగులోంచి తీగ ముక్క మాయమైంది, ఇల్లు సర్దుతుంటే పోయింది అంది, ఆ రాత్రే, ఎంతమందిని చంపారు గాట్లోబ్ అని అడిగింది, గుర్తులేదు అన్నాడు, మర్నాడు పొద్దున తను కట్టిన పాప బూటు లేసు విప్పి కట్టడం మొదలెట్టింది, ఇప్పుడు ఖాళీ బట్టల బుట్టతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది, ఫోటో చూసింది, కత్తి చూసింది, ఏగోన్‌ని కాదు, మొగుణ్ణే చూస్తోంది, ఏమీ ఆశ్చర్యపోవడం లేదు, కత్తి అక్కడ పెట్టు అంది, పెట్టాడు, ఆ నిజం తెలిసినవాడు ఆ తంతి ఉద్యోగి ఒక్కడే అనుకున్నాడు ఇన్నాళ్ళూ, వాడి నోరు పగిలిపోయింది, కొట్టం గోడ కింద పూడ్చేశారు, పీడ వదిలింది అనుకున్నాడు, కానీ ఆ నిజం తన పక్కనే పడుకుంటూ, తనకి అన్నం పెడుతూ, తనతో ఆ సంగతి ఒక్క మాటా అనకుండా, తను వేసిన ప్రతి ముడినీ విప్పి మళ్ళీ కడుతూ ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉంది.