లేచి నిలబడ్డందుకు

పెయింటరు చేసిన ఘనకార్యానికి అతని భార్య ఇంకా తిడుతూనే ఉంది. తిట్టదా మరి? నిచ్చెన మీదనుంచి పడి నడుము విరగ్గొట్టుకున్న మనిషి, ఆపేసిన వికలాంగుల భృతి మళ్లీ ఇప్పించమని అప్పీలుకు వెళ్లాడు. వెళ్లినవాడు వెళ్లినట్టు కుర్చీలో పడి ఉండక, అధికారి గదిలోకి రాగానే బల్ల పట్టుకుని, పళ్లు బిగబట్టి, ఎవరి సాయమూ లేకుండా లేచి నిలబడ్డాడు. పెద్దావిడ వస్తుంటే కూర్చుని ఉంటే బాగుండదట.

"నీ మర్యాద మండిపోనూ," అంది భార్య, క్యారేజీ మూత నొక్కుతూ. "లేవలేనని చెప్పుకోడానికి వెళ్లి, లేచి దండం పెట్టొచ్చావు."

"దండం పెట్టలేదు. చేతులు బల్ల మీదున్నాయిగా," అన్నాడతను.

ఆమె నవ్వలేదు. పగలంతా ఆసుపత్రి దుప్పట్లు ఉతికి, సాయంత్రం ఆఫీసులు తుడిచొచ్చే మనిషికి నవ్వెక్కడినుంచి వస్తుంది? భృతి వస్తే ఆ సాయంత్రం పని మానేస్తుంది. రాకపోతే ఆ వాచిన మోకాళ్లతోనే ఈడ్చాలి. ఉన్న సంగతి అంతే.

నిర్ణయం ఫోనులో చెబుతామన్నారు. ఆమె వెళ్లాక అతను ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. మొదట్లో ఆశపడ్డాడు, తర్వాత భయపడ్డాడు, ఇప్పుడు రెండూ లేవు. కాళ్లలో ఉండే తిమ్మిరి మెల్లగా పాకి మెడదాకా వచ్చినట్టుంది. ఎదుటి గోడకు రంగు పెచ్చులూడుతోంది. గీకి, లప్పం పెట్టి, రెండు కోట్లు వేస్తే సరి. నడుము కుదుటపడగానే ముందు దాని పనే పట్టాలనుకున్నాడు. ఆ మాట భార్యకు చెప్పలేదు. చెబితే ఇంకో తిట్టు.

బావమరిది వచ్చి అతని పక్కన చతికిలబడ్డాడు. "బావా, ఈసారి మంత్రి వచ్చినా సరే, లేవకు."

"నువ్వొస్తే లేచానా?"

"నేనంటే నీకెప్పుడూ లెక్కలేదులే."

అందరూ తప్పన్న ఆ ఒక్క పనే అతనికి లోలోపల గర్వంగా ఉంది. పడ్డాక ఒకరి చెయ్యి పట్టకుండా లేచింది అప్పుడే. ఆ తర్వాత మంచం దిగలేకపోయాడు, అది వేరే సంగతి. లేచాడా లేదా? లేచాడు.

ఫోను వచ్చేసరికి భార్య చెప్పులేసుకుంటోంది. గబగబా వచ్చి స్పీకరు నొక్కింది. అవతల ఆఫీసు గుమాస్తా.

"అప్పీలు మంజూరైందండీ. భృతి మళ్లీ ఇస్తారు. ఇక తనిఖీలకు కూడా రానక్కర్లేదు."

ఆమె గోడకు జారగిలబడి కింద కూర్చుండిపోయింది. నోరు ఊరుకుంటేగా. "మరి ఆ రోజు ఈయన లేచి నిలబడ్డారు కదండీ?" అని అడిగింది.

"మా మేడమ్ గారు చూసింది అదేనమ్మా. లేవడానికి ఆయన పడ్డ అవస్థ చూశాక ఇంకేమీ అడగక్కర్లేదన్నారు. ఈ మనిషి ఇంకెప్పటికీ పని చేయలేడని అప్పుడే రాసేశారు."

ఫోను పెట్టేశాక ఆమె ఏడ్చింది, నవ్వింది, సాయంత్రం పనికి రేపట్నుంచి రానని చెప్పేస్తానంది. అతని తల దగ్గరికి తీసుకుని, "నీ మర్యాదే మనల్ని కాపాడిందయ్యా," అంది.

సంతోషించాలని అతనికి తెలుసు. ఆ మోకాళ్ల కోసమైనా సంతోషించాలి. ఎంత వెతుక్కున్నా అది దొరకలేదు.

"నేను బాగానే లేచాననుకున్నానే," అన్నాడు.