జానెడు తక్కువ కర్ర

మా ఆయన వడ్రంగి. చేతిలో రంపం ఉంటే ఆ మనిషికి లోకం కనిపించదు, ఎవరికైనా ఒక మాట చెప్పాలనీ తోచదు. అందుకే ఆయన చేసిన ఘనకార్యం పరీక్ష రోజు పొద్దున, నేను కర్ర చేతిలోకి తీసుకునేదాకా బయటపడలేదు.

నేను రెండేళ్ళుగా కర్రసాము నేర్చుకుంటున్నాను. యాభై నాలుగేళ్ళ టైలరుకి ఇదేం పిచ్చి అని అడిగినవాళ్ళందరికీ నాది ఒకటే జవాబు: నా పిచ్చి, నా ఇష్టం. మా మాస్టారి దగ్గర ఎవరి కర్ర వాళ్ళ కనుబొమల దాకా ఉండాలి. పరీక్షకి అరువు కర్ర పనికిరాదు. మూడు నిమిషాల్లో మాస్టారి భుజానికి మన కర్ర ఒక్కసారి తగిలితే చాలు, పోటీ బ్యాచ్‌లో వేసేస్తారు. నేను రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే పొద్దుటి బ్యాచ్‌కి మార్చేస్తారు. అక్కడ కర్ర నెమ్మదిగా తిప్పి, గాలి పీల్చుకుని ఇంటికెళ్ళడమే. ఎదుట మనిషే ఉండడు. ఆ సంగతి తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది.

అలాంటి రోజున కర్ర నిలబెట్టి చూస్తే నా మెడ దగ్గరే ఆగిపోయింది.

"చివర చీలింది కదే, జానెడు కోసి నున్నగా చేశాను. చెయ్యి పెట్టి చూడు," అన్నాడు మా ఆయన నిమ్మకు నీరెత్తినట్టు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ తలుపుల మీద నేనెప్పుడైనా నా కత్తెర పెట్టానా? నా కర్ర జోలికి మీరెందుకొచ్చారు?" అని నాలుగు దులిపేసి, ఆ పొట్టి కర్రతోనే బయల్దేరాను.

మాస్టారు దాన్ని ఎగాదిగా చూశారు. "ఇంకో నెల ఆగుతావా అమ్మా?" అన్నారు.

"ఆగను," అన్నాను. కోపం మీదున్నాను మరి.

మొదటి నిమిషం ఎప్పటిలాగే దూరంగా నిలబడి కర్ర చాచాను. అందితేగా. ఆయన కర్ర మాత్రం నా మోచేతిని రెండుసార్లు పలకరించింది. విసుగొచ్చింది. కర్ర అందకపోతే నేనే వెళ్తానని, ఆయన కర్రని పక్కకి నెట్టి లోపలికి అడుగేశాను. మాస్టారి ఛాతీ నాకు మూరెడు దూరంలో ఉంది.

అక్కడ నాకు భయమే వెయ్యలేదు. ముప్పై ఏళ్ళుగా టేపు పట్టుకుని నేను నిలబడే చోటే కదా అది. మనిషి కదలబోయే ముందు ఏ భుజం లేస్తుందో నాకు కంఠతా వచ్చు. ఇన్నాళ్ళూ పొడుగు కర్ర చాటున దాక్కున్నానని అప్పుడు తెలిసి సిగ్గేసింది. ఆయన కుడి భుజం కాస్త లేచింది. ఆ దెబ్బ దిగేలోపే నా కర్ర ఆయన ఎడమ భుజం మీద టక్కున పడింది.

మాస్టారు భుజం రుద్దుకుంటూ నవ్వారు. "ఇలా మీద మీదకి వస్తావని రెండేళ్ళలో ఒక్కసారీ అనుకోలేదమ్మా. పోటీ బ్యాచ్‌కి వచ్చెయ్. ఇకనుంచి నీ కొలత ఇదే."

కాళ్ళు నేల మీద ఆనకుండా ఇంటికొచ్చాను. మా ఆయన గుమ్మంలో తిండి కూడా మానేసి కూర్చున్నాడు. తన కోసం ఏళ్ళ తరబడి దాచుకున్న మంచి చెక్కతో కొత్త కర్ర చేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నిలబెట్టి చూశాను. సరిగ్గా నా కనుబొమల దాకా ఉంది.

"తప్పయిపోయిందే. ఇది పట్టుకెళ్ళి మాస్టారిని ఇంకొక్క అవకాశం అడుగు," అన్నాడు తలెత్తకుండా.

పొద్దుటి కోపం ఎటు పోయిందో, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపలికెళ్ళి రంపం తెచ్చి ఆయన చేతిలో పెట్టి, పక్కనే కూర్చున్నాను.

"జానెడు కోసి, నున్నగా చెయ్యండి," అన్నాను.